తరగతి గదిలో దృశ్యపాఠం

పాఠ్యగ్రంథం, నల్లబల్ల, సుద్దముక్క, ఉపాధ్యాయుని కంఠం: ఈ నాలుగింటితోనే మన ప్రాంతంలో ఆధునిక విద్య నూటయేభై సంవత్సరాలకు పైగా సాగివచ్చింది. 1857లో పాఠశాలగా ఆరంభమై 1879లో కళాశాల స్థాయినందుకొన్న విజయనగరం మహారాజావారి విద్యాసంస్థలో గురజాడ అప్పారావుగారు విద్యార్థిగా కూర్చున్నదీ, తరువాత అధ్యాపకులుగా నిలిచినదీ ఈ నాలుగు సాధనాల నడుమనే. ఐదవ సాధనం ఒకటి వచ్చినంత మాత్రాన ఈ నాలుగూ పాతబడిపోయాయని వాదించేవారితో నాకు ఏకీభావం లేదు. అయితే ఆ ఐదవది మన అనుమతి కోసం గుమ్మం దగ్గర వేచి ఉండలేదు. అంతర్జాలంలో లభించే వీడియో పాఠం ఈనాడు విద్యార్థి జేబులోనే ఉన్నది. పరీక్ష ముందురోజు రాత్రి అతడు నోటుపుస్తకం కంటె ముందు దానినే తెరుస్తున్నాడు. దానిని తరగతి గదిలోకి ఆహ్వానించడమా, మానడమా, ఆహ్వానిస్తే ఏ హద్దులలో ఉంచడమా అనేదే మనం విచారించవలసిన విషయం.

ఈ విషయంలో విద్యార్థుల ఆశ ఒకటి, పాలకవర్గం పెద్దల ఆశ మరొకటి. తెర వస్తే చదువు సులభమవుతుందని విద్యార్థి అనుకొంటాడు. తెర వస్తే ఖర్చు తగ్గుతుందని పెద్దలు అనుకొంటారు. రెండింటిలోనూ కొంత నిజమున్నది. రెండింటిలోనూ, జాగ్రత్త పడకపోతే, కళాశాలకు నష్టం తెచ్చే భ్రమ కూడా ఉన్నది.

తెరమీది పాఠం మనకు కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు సరిగ్గా ఒక సంవత్సరంపాటు మన దేశంలో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం జరిగింది. 'సైట్' అనే పొట్టిపేరుతో అది ప్రసిద్ధి కెక్కింది. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలను నేరుగా అందించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ భాషలలో తెలుగు ఒకటి. కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుపతీగ వలతో అల్లిన పెద్ద గొడుగువంటి ఆంటెన్నా, దాని ప్రక్కన బడిలో ఒక టెలివిజన్ పెట్టె. ఉదయం పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. కరెంటు లేని ఊళ్ళలో బ్యాటరీలతో పెట్టెలను నడిపించారు. అంతకుముందు టెలివిజన్ అనేది కంటితో చూచి ఎరుగని గ్రామాలు అవి. ఆనాటి ఇంజనీర్ల సాహసానికి నమస్కరించక తప్పదు.

ఆ తరువాత 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. దేశంలో అటువంటి విశ్వవిద్యాలయాలలో అదే మొదటిది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. ఇంటివద్ద చదువుకొనేవారికి రేడియో, టెలివిజన్ పాఠాలను అది అలవాటు చేసింది. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయాల నిధుల సంఘం దూరదర్శన్‌లో 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' కార్యక్రమాన్ని ఆరంభించింది. 2004 సెప్టెంబరు 20న విద్య కోసమే ఉద్దేశించిన 'ఎడ్యుశాట్' ఉపగ్రహం నింగికెగసింది. ఇన్ని ప్రయత్నాలు జరిగినా ఇవి సగటు కళాశాల తరగతి గదిని పెద్దగా మార్చలేకపోయాయి. అందుకు కారణాలు వెదకడానికి దూరం పోనక్కరలేదు. ప్రసారం తన వేళకు వస్తుంది, మన కాలనిర్ణయ పట్టికకు లోబడదు. అర్థం కాని చోట ఆగమంటే ఆగదు. వెనుక బెంచీలోని విద్యార్థి చేయి ఎత్తితే చూడదు. ఇంటిముందుగా పోయే ఊరేగింపు వంటిది ప్రసారం. వాకిట్లోకి వచ్చేలోగా పల్లకి దాటిపోయి ఉంటుంది.

2005లో యూట్యూబ్ వచ్చిన తరువాత మారినది ఇదే. బొమ్మ నాణ్యత పెరగడం, ఖర్చు తగ్గడం రెండవ వరుస సంగతులు. అసలు మార్పు ఏమిటంటే, పాఠం ఆగడం నేర్చుకొన్నది. ఆపవచ్చు, వెనుకకు త్రిప్పవచ్చు, వేగం తగ్గించి మరల చూపవచ్చు. పగ్గం ప్రసారకుని చేతి నుండి ఉపాధ్యాయుని చేతికి వచ్చింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన బోధనా పద్ధతి అంతా ఆ ఒక్క మీటను ఎప్పుడు నొక్కాలి అనే దాని చుట్టూనే తిరుగుతుంది.

మన రాష్ట్రం ఈ దారిలో తొందరగానే అడుగు వేసింది. 2008లో స్థాపించిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే జనం వాడుకలోని ట్రిపుల్ ఐటీలు, గ్రామీణ విద్యార్థుల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, రికార్డు చేసిన పాఠాలను చూపి, సందేహాలు తీర్చడానికి ప్రక్కన మార్గదర్శకులను ఉంచే పద్ధతితో మొదలయ్యాయి. దాని వెనుక ఉన్న ఆలోచన చిత్తూరు జిల్లాలో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డిగారిది. ఆ విశ్వవిద్యాలయపు శ్రీకాకుళం విభాగం 2016లో ఆరంభమై ఎచ్చెర్లలో స్థిరపడింది. 2003లో ఐ.ఐ.టి.లు కలసి మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు, 2017 జులై 9న ఆరంభమైన 'స్వయం' కోర్సులు, 'స్వయం ప్రభ' ఉచిత టెలివిజన్ చానెళ్ళు, పాఠ్యపుస్తకాలలోని చదరపు గుర్తును ఫోనుతో చూడగానే తెరచుకొనే 'దీక్షా' పాఠాలు ఇవన్నీ ఇప్పుడు శ్రీకాకుళంలోని విద్యార్థికీ, ఢిల్లీలోని విద్యార్థికీ ఒకే ధరకు, అంటే ఉచితంగా, అందుతున్నాయి.

ఇక ఈ పాఠాలు దేనికి ఉపయోగపడతాయి, దేనికి ఉపయోగపడవు అనే విచారణకు వద్దాం. తెరమీద కనిపించే ప్రతిదీ దృశ్యపాఠం కాదు. ఒక అధ్యాపకుడు నల్లబల్ల ముందు నిలబడి గంటసేపు మాట్లాడుతుంటే దానిని కెమెరాతో తీసి మన తరగతిలో చూపడంలో ప్రయోజనం స్వల్పం. మన నల్లబల్ల ముందు నిలబడి మాట్లాడే అధ్యాపకుడు మనకు ఉండనే ఉన్నాడు. పైగా ఆయన ప్రశ్న వేస్తే సమాధానం చెబుతాడు. నల్లబల్ల చూపలేనిది, ప్రయోగశాల చేయలేనిది, పుస్తకం కదిలించలేనిది ఉన్నప్పుడే తెరను పిలవాలి.

ఉదాహరణకు బరువైన వస్తువు, తేలికైన వస్తువు ఒకేసారి జారవిడిస్తే ఏది ముందు నేలను తాకుతుంది? గాలి లేనిచోట రెండూ కలిసే తాకుతాయని పుస్తకం చెబుతుంది, విద్యార్థి వ్రాస్తాడు, మార్కులు పొందుతాడు, కాని మనసులో నమ్మడు. 1971 ఆగస్టు 2న అపోలో-15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రునిమీద నిలబడి ఒక చేత 1.32 కిలోగ్రాముల సుత్తిని, మరొక చేత 30 గ్రాముల డేగ ఈకను పట్టుకొని ఒకేసారి వదిలాడు. ఆ దృశ్యం నిమిషంలోపే ఉంటుంది. దానిని ఊరక చూపితే విద్యార్థులు చప్పట్లు కొడతారు, మరునాటికి మరచిపోతారు. అతడు చేతులు చాచిన క్షణంలో బొమ్మను ఆపి, 'ఏది ముందు?' అని అడిగి, ప్రతి ఒక్కరిచేత కాగితం మీద సమాధానం వ్రాయించి, ఆ తరువాతనే మీట నొక్కాలి. మా తరగతిలో, పుస్తకంలో ఆ వాక్యాన్ని అప్పటికే చదివినవారు కూడా చాలామంది సుత్తి అనే వ్రాశారు. చదువుకూ నమ్మకానికీ నడుమ ఉన్న ఆ ఖాళీ ఆ కాగితాల మీద బయటపడింది.

పాఠం అక్కడితో ఆగకూడదు. ఎత్తు సుమారు 1.6 మీటర్లనుకొని, చంద్రుని గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 1.62 మీటర్లుగా తీసుకొంటే పతన కాలం సుమారు 1.4 సెకన్లు రావాలి. భూమిమీద అయితే 0.57 సెకను. ఇప్పుడు విద్యార్థి తన ఫోనులోని కాలమాపకంతో ఆ దృశ్యాన్ని నాలుగైదుసార్లు కొలిచి సగటు తీయవచ్చు. తెర అప్పుడు వినోదం కాక ప్రయోగశాల అవుతుంది. ఇందుకు పైసా అదనపు ఖర్చు లేదు.

దీనికి ఎదురుగా మరొక ప్రసిద్ధ దృశ్యాన్ని నిలబెట్టి చూడవలసి ఉన్నది. అమెరికాలోని టకోమా నేరోస్ వంతెన 1940 జులై 1న ప్రారంభమై, అదే సంవత్సరం నవంబరు 7న గంటకు దాదాపు 64 కిలోమీటర్ల గాలికి మెలికలు తిరిగి కూలిపోయింది. అనునాదానికి ఉదాహరణగా ఈ చిత్రాన్ని చూపని భౌతికశాస్త్ర అధ్యాపకుడు అరుదు. కాని అది పుస్తకాలు చెప్పే సాధారణ అనునాదం కాదనీ, గాలి ప్రవాహమూ వంతెన మెలికా ఒకదానినొకటి పెంచుకొంటూ పోయిన స్వయం ప్రేరిత కంపనమనీ బిల్లా, స్కాన్లన్ అనే శాస్త్రజ్ఞులు 1991లోనే వివరించారు. అంతకంటె విచిత్రమైన సంగతి 2015లో వెలుగులోకి వచ్చింది. ఆ చిత్రాన్ని సెకనుకు 16 బొమ్మల చొప్పున తీశారు. తరువాతివారు దానిని సెకనుకు 24 బొమ్మల వేగంతో ప్రతులు తీశారు. కనుక ఎన్నో ఏండ్లుగా ప్రపంచమంతా చూచిన వంతెన అసలు కంటె ఒకటిన్నర రెట్లు వేగంగా ఊగింది. నిమిషానికి 12 సార్లు మెలిక తిరిగినది తెరమీద 18 సార్లు తిరిగింది.

కన్ను చూచినది కనుక నిజమనుకోవడం ఎంత సులభమో, ఎంత ప్రమాదమో తెలుసుకోవడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు. అచ్చుపుస్తకానికి సంపాదకుడు, పరిశీలకుడు ఉంటారు. అంతర్జాలంలో ఒక వీడియోను పెట్టడానికి ఒక ఫోను చాలు. అందుచేత ఏ దృశ్యాన్నైనా తరగతిలో చూపే ముందు అధ్యాపకుడు మొదటి నుండి చివరి వరకు స్వయంగా చూడాలి. శీర్షిక చూచి, మొదటి నిమిషం చూచి తెరమీద పెట్టేయడం వండినవాడు రుచి చూడకుండా వడ్డించడమే.

శాస్త్ర విభాగాల వారే దీనిని సొంతం చేసుకోనక్కరలేదు. నిజానికి చేతి కదలికను నేర్పే విద్యలకు దృశ్యపాఠం మరింత చేరువ అవుతుందని నా అభిప్రాయం. ఉర్దూ నస్తాలీఖ్ లిపినే తీసుకోండి. అచ్చులో అక్షరం పూర్తయిన రూపం మాత్రమే కనిపిస్తుంది. కలం ఎక్కడ దిగింది, ఏ కోణంలో తిరిగింది, ఎక్కడ ఒత్తిడి తగ్గింది అనేది కనిపించదు. కలం మొనతో వేసిన నుక్తాలతో అక్షరపు ఎత్తును, వెడల్పును కొలిచే సంప్రదాయాన్ని పుటలకొద్దీ వర్ణించినా రాని తెలివిడి, ఖత్తాత్ చేతిని దగ్గరగా తీసిన మూడు నిమిషాల దృశ్యంలో వస్తుంది. ఉచ్చారణ విషయమూ అంతే. బడా కాఫ్ నాలుక మూలం కొండనాలుకను తాకగా పుడుతుంది. ఛోటా కాఫ్ దానికి కొంచెం ముందు పుడుతుంది. తెలుగు ఇంటిభాషగా గల విద్యార్థికి ఈ రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. ఆగి, వెనుకకు త్రిప్పి, పదిమార్లు వినడానికి అధ్యాపకుని గొంతు ఓర్చుకోలేదు, యంత్రం ఓర్చుకొంటుంది.

విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. ద్వారం వేంకటస్వామి నాయుడుగారు అక్కడ వయొలిన్ ఆచార్యులు. ఆనాటి శిష్యునికి గురువుగారి కమాను ఎదుట కూర్చుని చూచే భాగ్యం దక్కింది. నాయుడుగారి నాదం గ్రామఫోను రికార్డులలో మనకు మిగిలింది, కాని పాఠం చెబుతూ శిష్యుని వేళ్ళను ఆయన సరిదిద్దే తీరును మనం రికార్డులో వినలేము. నేటి విద్వాంసుల విషయంలోనైనా ఆ లోటు రాకూడదు.

ఇప్పుడు విద్యార్థులు కొంచెం చేదుగా భావించే మాట ఒకటి చెప్పవలసి ఉన్నది. చూడటం వేరు, నేర్చుకోవడం వేరు. చక్కగా చెప్పిన పాఠాన్ని చూస్తున్నంతసేపు అంతా అర్థమైనట్లే ఉంటుంది. ఆ అర్థం చెప్పినవానిది, చూచినవానిది కాదు. రోడిజర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన ప్రయోగం ఈ సంగతిని స్పష్టం చేసింది. కొందరు ఒక పాఠాన్ని మరల మరల చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది వ్రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మరల మరల చదివినవారిదే పైచేయి. వారం తరువాత పరీక్షిస్తే ఫలితం తారుమారయింది, మూసి వ్రాసినవారు ఎక్కువ చెప్పగలిగారు. అది పుస్తకం గురించి చేసిన ప్రయోగమే అయినా వీడియోకు మరింత గట్టిగా వర్తిస్తుందని నేను నమ్ముతాను. పుస్తకం చదవడానికి కనీసం కళ్ళు వరుస వెంట నడవాలి, వీడియోకు ఆ శ్రమ కూడా లేదు. కాబట్టి మిత్రులారా, పరీక్ష ముందురాత్రి ఒకే పాఠాన్ని రెట్టింపు వేగంతో మూడుసార్లు చూచేకంటె, ఒకసారి చూచి, ఫోను బోర్లించి, ఒక తెల్లకాగితం తీసుకోండి. వ్రాయలేక ఆగిపోయిన చోటు ఏదో అదే మీరు చదవవలసిన భాగం. ఆ చోటికి మాత్రం వెనుకకు త్రిప్పి చూడండి.

నిడివి విషయంలోనూ ఒక పరిశీలన ఉన్నది. ఫిలిప్ గువో, ఆయన సహచరులు 2014లో ప్రకటించిన అధ్యయనంలో ఎడెక్స్ సంస్థ పాఠాలకు సంబంధించి 69 లక్షల వీక్షణ సందర్భాలను పరిశీలించారు. పాఠం ఎంత పొడవైనదైనా విద్యార్థి నిలకడగా చూచే కాలం సామాన్యంగా ఆరు నిమిషాలకు మించడం లేదని తేలింది. మన గంట యాభై నిమిషాలు. అందులో తెర వెలిగేది పది పన్నెండు నిమిషాలకు మించరాదని, అదీ రెండు మూడు ముక్కలుగా ఉండాలని నా సూచన. మిగిలిన సమయం ప్రశ్నకు, చర్చకు, వ్రాతకు చెందాలి. దృశ్యం నడుస్తుండగా అధ్యాపకుడు సిబ్బంది గదికి పోవడమనే ఆచారం ఎక్కడైనా మొదలైతే, ఆనాడే ప్రొజెక్టర్‌ను బీరువాలో పెట్టి తాళం వేయడం మేలు.

భాష సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఉత్తమ పాఠాలలో ఎక్కువ భాగం ఆంగ్లంలో ఉన్నాయి. హిందీలో చాలా ఉన్నాయి. తెలుగులో పోటీపరీక్షల శిక్షణకు కొదవ లేదు గాని, డిగ్రీ స్థాయి శాస్త్రవిషయాలను నింపాదిగా వివరించేవి తక్కువ. ఉర్దూలో హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయపు బోధనా మాధ్యమ కేంద్రం చేసిన పాఠాలు మనకు పెన్నిధి. మన ఉర్దూ విభాగం వాటిని ఇప్పటికంటె ఎక్కువగా వాడుకోవాలి. ఒకే తరగతిలో తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారు, ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారు ప్రక్కప్రక్కన కూర్చొనే మన వంటి కళాశాలలో మరొక చిక్కు. 'ఫోటోసింథసిస్' అని తెర చెబుతుంది. ఒకరికి అది కిరణజన్య సంయోగక్రియగా తెలుసు, మరొకరికి జియాయీ తాలీఫ్‌గా తెలుసు. ఇద్దరికీ విషయం తెలుసు, ఇద్దరూ తెలియనట్లు కూర్చుంటారు! తెర వెలిగించే ముందు నల్లబల్లమీద మూడు నిలువు గీతల నడుమ ఆ రోజు రాబోయే పది పదాలను మూడు భాషలలో వ్రాసి ఉంచితే ఈ చిక్కులో సగం తీరుతుంది. ఐదు నిమిషాల పని.

శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వేంకట రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాషను నేర్చుకొని, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పే బడులను నెలకొల్పారు. 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథాన్ని, 1938లో నిఘంటువును ప్రకటించారు. బాలుని నోట ఉన్న మాట నుండి మొదలుపెట్టని చదువు తలకెక్కదని ఆయన జీవితమంతా వాదించారు. సీతంపేట, కురుపాం ప్రాంతాల నుండి మన కళాశాలకు వచ్చే సవర విద్యార్థికి ఢిల్లీలో తీసిన ఆంగ్ల వీడియో ఎంత దూరమో, గిడుగువారు ఉంటే ఆయనే చెప్పి ఉండేవారు. ఆ దూరాన్ని తగ్గించగలిగినది ప్రక్కన నిలబడిన అధ్యాపకుడే గాని తెర కాదు. శబ్దాన్ని తగ్గించి, బొమ్మను మాత్రం నడవనిచ్చి, తెలుగులోనో ఉర్దూలోనో తానే వ్యాఖ్యానం చెప్పడం ఎంతో మేలైన పద్ధతి. మూగ చిత్రాల కాలంలో తెర ప్రక్కన నిలబడి కథ చెప్పేవారు ఉండేవారట. అటువంటి వ్యాఖ్యాతను మన తరగతిలో మరల నిలబెట్టాలి.

పాలకవర్గం వారి దృష్టికి తేవలసినవి కరెంటు, సిగ్నల్, ఖర్చు. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు సప్తగిరి దూరదర్శన్‌లో 'విద్యావారధి' పేరుతో పాఠాలు ప్రసారమైనాయి. కళాశాలలు ఫోనుల ద్వారా నడిచాయి. ఏజెన్సీ గ్రామాల విద్యార్థులు సిగ్నల్ కోసం గుట్టలెక్కిన సంగతి పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. అంతకు రెండేండ్ల ముందు, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరితోటలతోపాటు కరెంటు స్తంభాలనూ పడగొట్టి, ఊళ్ళను రోజుల తరబడి చీకటిలో ఉంచింది. తుఫానుల తీరంలో నివసించేవారు అంతర్జాలం ఎప్పుడూ ఉంటుందనే ఊహమీద కాలనిర్ణయ పట్టిక వేసుకోరాదు.

కనుక పాఠం కళాశాలలో నిలవ ఉండాలి. పది నిమిషాల సాధారణ నాణ్యత వీడియో సుమారు యాభై మెగాబైట్లు అనుకొందాం. నలభైమంది విద్యార్థులు ఎవరి ఫోనులో వారు చూస్తే రెండువేల మెగాబైట్లు ఖర్చు. కళాశాల ఒకసారి దింపుకొని గోడమీద చూపితే యాభై. ఆ రెండువేలు విద్యార్థి తండ్రి రీచార్జి డబ్బు. దింపుకోవడానికి అనుమతి గల పాఠాలనే దింపుకోవాలనడం వేరే చెప్పనక్కరలేదు. పునర్వినియోగానికి బాహాటంగా అనుమతించిన పాఠాలు ఎన్‌పీటెల్ వంటి చోట్ల కావలసినన్ని ఉన్నాయి. ఒక ప్రొజెక్టర్, ఒక మంచి స్పీకరు, కరెంటు పోయినా గంటసేపు నిలబెట్టే బ్యాటరీ, రెండు హార్డ్‌డిస్కులు, కిటికీలకు ముదురు రంగు తెరలు. స్పీకరును చిన్నచూపు చూడరాదు. బొమ్మ మసకగా ఉన్నా పాఠం నడుస్తుంది, మాట వినపడకపోతే నడవదు.

ప్రతి విద్యార్థికీ ఒక ట్యాబ్ అనే ఆలోచన ఆకర్షణీయమైనదే. 2022 డిసెంబరు 21న మన రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదవ తరగతి విద్యార్థులకు నాలుగున్నర లక్షలకు పైగా ట్యాబ్‌లను, బైజూస్ పాఠాలను ముందుగానే నింపి, పంచడం మొదలుపెట్టింది. సిగ్నల్ లేని ఊరిలోనూ పాఠం తెరుచుకొనేటట్లు చేసిన ఆ ఏర్పాటు తెలివైనది. అయితే ఆ పాఠాలు తయారుచేసిన కంపెనీపైన 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలయింది. ఎవరినీ నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. కంపెనీలు వస్తాయి, పోతాయి. కళాశాల మాత్రం ఇంకా ముప్పై బ్యాచీలకు చదువు చెప్పాలి. పెద్ద మొత్తాన్ని ఒకే అంగడిలో పెట్టడం కంటె, కొద్ది మొత్తంతో ఒక గదిని చక్కజేసి, ఆ పాఠాల జాబితాను గ్రంథాలయ పట్టికలో పుస్తకాలవలె నమోదు చేసుకోవడం మనకు తగిన మార్గం. ఆ పని గ్రంథాలయాధికారిది కావాలి, కంప్యూటర్ గది సహాయకునిది కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన మాటను దాచుకోవడం న్యాయం కాదు. అధ్యాపకుడు పదవీ విరమణ చేసిన తరువాత ఆ స్థానాన్ని ఖాళీగా ఉంచి, 'వీడియోలు ఉన్నాయి కదా' అనే ధోరణి ఈమధ్య చాలాచోట్ల వినిపిస్తున్నది. ట్రిపుల్ ఐటీలు రికార్డు పాఠాలతో ఆరంభమైనప్పుడు కూడా ప్రక్కన మనిషిని ఉంచాయి. 'సైట్' ప్రయోగం సైతం వేలాదిమంది ప్రాథమికోపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడాన్ని తన పనిలో భాగంగా పెట్టుకొన్నది. నాలుగు స్థానాలలో రెండు భర్తీ చేసి మిగిలిన రెండింటికీ తెర చూపిస్తే, విద్యార్థి చేయి ఎత్తినప్పుడు చూచేవారు ఉండరు. ఎత్తిన చేతిని నాలుగుసార్లు ఎవరూ చూడకపోతే ఐదవసారి ఆ చేయి లేవదు. ముఖ్యంగా ఇంట్లో మొదటి తరం చదువుకొంటున్నవారి చేయి, ఆడపిల్లల చేయి. దృశ్యపాఠాల గదికి నిధులు కేటాయించే తీర్మానంలోనే, ఆ కారణంగా ఏ అధ్యాపక స్థానమూ తగ్గించబడదనే వాక్యం కూడా చేర్చవలసిందిగా పాలకవర్గం వారిని గౌరవపూర్వకంగా కోరుతున్నాను.

ఇతరులు తీసినవి చూడటంతోనే మన పని తీరిపోదు. మన జిల్లాల గురించి మనం తీయకపోతే ఎవరు తీస్తారు? పొందూరులో ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ ఎముకలోని సన్నని పళ్ళ వరుస నారలోని మలినాన్ని లాగివేస్తుంది. దువ్విన పత్తి ఏకులై, రాట్నం మీద సన్నని నూలై, మగ్గం చేరుతుంది. ఈ పనులలో ప్రతి దశా ఒక శాస్త్రపాఠం: ఘర్షణ, నార నిర్మాణం, మెలి వల్ల దారానికి వచ్చే బలం. వాణిజ్య విద్యార్థికి ఖర్చుల లెక్క, చరిత్ర విద్యార్థికి స్వదేశీ ఉద్యమం, తెలుగు విద్యార్థికి ఆ వృత్తిలో తప్ప మరెక్కడా వినపడని మాటలు. ఇంత పాఠం మనకు బస్సు ప్రయాణమంత దూరంలో ఉన్నది.

రాబోయే విద్యాసంవత్సరంలో మూడవ సంవత్సరం విద్యార్థులు అయిదుగురేసి జట్లుగా ఏర్పడి ఆరు నిమిషాలకు మించని దృశ్యపాఠాలను ఇటువంటి విషయాలమీద తయారుచేయాలని ప్రతిపాదిస్తున్నాను. మంచి ఫోను ఒకటి, దానిని కదలకుండా నిలబెట్టే కర్ర ఒకటి, ప్రక్కనుండి వచ్చే పగటి వెలుతురు, మాట్లాడేవారి కొంగుకో కాలరుకో తగిలించే చిన్న మైకు చాలు. మొదట నాలుగు పుటల వ్రాతప్రతి తయారుచేసి అధ్యాపకునికి చూపాలి. తరువాతనే కెమెరా. ఎముకతో పత్తి దువ్వే అమ్మల వద్దకు పోయినప్పుడు ముందుగా అనుమతి అడిగి, ఎందుకు తీస్తున్నదీ వారికి అర్థమయ్యేటట్లు చెప్పి, ఒకపూట వారి పని చూస్తూ ఊరకే కూర్చోవాలి. తీసినదానిని పూర్తిచేసి మొదట వారికే చూపాలి. తప్పు చెప్పామని వారంటే దిద్దాలి. వ్యాఖ్యానం రెండుసార్లు, ఒకసారి తెలుగులో, ఒకసారి ఉర్దూలో, ఇద్దరు వేర్వేరు విద్యార్థుల గొంతుతో రికార్డు చేయాలి. జట్లలో చేరదలచినవారు తమ పేర్లను, ఎన్నుకొన్న విషయాన్ని కళాశాల తెరచిన పదిహేను రోజులలోగా గ్రంథాలయంలో ఇవ్వవచ్చును.